అరికాల్లో కాపురం

దర్జీ కొట్టు,
కత్తిరింపు బల్ల దగ్గర నుంచి

క్రిములకు ఇళ్ళు కట్టించే మా బామ్మర్ది గారికి,

నువ్వు క్షేమమే అనుకుంటాను. కిటికీలు లేని చల్లటి గదిలో కూర్చుని, జీతం తీసుకుంటూ, కంటికి కనపడని జీవాలతో ఆడుకునేవాడికి క్షేమం కాక ఇంకేముంటుంది. నా సంగతంటావా, షుగరు పుణ్యమా అని కుడికాలు నాదన్న మాటే గాని అందులో ఏం జరుగుతోందో నాకు కబురు రావడం మానేసింది. అరికాల్లో గుండుసూది దిగితే నాకు తెలియలేదు. నేల మీద మరకలు చూసి మీ అక్క చెప్పింది. సూది తీసేశారు, పుండు మాత్రం ఉండిపోయింది. నెలలు గడుస్తున్నా కదిలే ఉద్దేశం దానికి లేదు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోనులో అయితే మీ అక్క వింటుంది. బళ్ళో పిల్లల చేత కసరత్తు చేయించే టీచరమ్మ, మైదానం అవతలి మూల ఎవడు గొణిగినా ఆమె చెవిన పడుతుంది. ఇంట్లో కూడా మెడలో ఈల తియ్యదు. నేను మంచం దిగితే ఊదుతుంది.

కట్టు కట్టే సిస్టరు మొన్న పుండు లోపలి నుంచి ఒక ముక్క గీకి సీసాలో వేసింది. "ఇది మీ బామ్మర్దిగారి ల్యాబుకే వెళ్తుందండీ. అందులో క్రిముల్ని ఆయన మళ్ళీ అచ్చు వేస్తారట" అని పెళ్ళి సంబంధం కుదిరినంతగా మురిసిపోయింది. పుస్తకాలు అచ్చు వేస్తారని తెలుసు, శుభలేఖలు అచ్చు వేస్తారని తెలుసు. క్రిముల్ని అచ్చు వెయ్యడమేమిటో, ఉన్నవి చాలవన్నట్టు ఇంకొన్ని ఎందుకో, నాకు అర్థమయ్యేలా రాయి. మీ ల్యాబు మేడంగారికి చెప్పే భాషలో వద్దు.

అత్తగారింటికి ఏనాడూ ఏమీ పెట్టని అల్లుడన్న పేరుంది నాకు. అది పోయేలా ఏకంగా కాలి ముక్కే పంపించాను. జాగ్రత్తగా చూసుకో.

బళ్ళు తెరిచే రోజులు. యూనిఫారాలు గుట్టలుగా పడి ఉన్నాయి. డాక్టరుగారు కాలు కింద మోపొద్దన్నారు. మోపడం లేదు.

మీ అక్కను భరిస్తున్న,
బావ


ప్రయోగశాల, రెండో అంతస్తు,
అచ్చు యంత్రం పక్క బల్ల

బావగారికి,

కానుక అందింది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు కుట్టిస్తానన్న చొక్కా కంటే ముందే మీ కాలు వచ్చింది. సంతోషం.

మీరడిగింది చెబుతాను. మీ పుండులో ముఖ్యంగా రెండు రకాల క్రిములున్నాయి. ఒకటి తన చుట్టూ జిగురు కక్కుకుని అందులో కూర్చుంటుంది. రెండోదానికి ఆ తెలివి లేదు, మొదటిదాని జిగురులో దూరి బతుకుతుంది. విడివిడిగా గాజు పళ్ళెంలో పెంచి మందు వేస్తే రెండూ చస్తాయి. పుండులో కలిసి ఉన్నప్పుడు అదే మందు వేస్తే నవ్వుతాయి. కాబట్టి వాటిని విడివిడిగా చూసి లాభం లేదు. పుండులో ఏది ఎక్కడ, ఎవరి పక్కన, ఎంత ఎడంగా కూర్చుందో అలాగే కూర్చోబెట్టి చూడాలి. నా ఉద్యోగం అదే.

జెలటిన్ గోరువెచ్చగా కరిగించి క్రిముల్ని కలుపుతాం. చల్లారి గడ్డకట్టాక సన్నటి లేజరు వెలుగుతో లోపల గీస్తాం. వెలుగు తాకిన చోట గట్టిపడి గోడవుతుంది. పొరమీద పొరగా గోడలు, కప్పు లేస్తాయి. మళ్ళీ వెచ్చచేస్తే గోడలు కాని భాగమంతా కరిగి పోతుంది. లోపల చిక్కినవాళ్ళు లోపలే ఉంటారు. ఆ గోడల్లోంచి తిండి వెళ్తుంది, మందు వెళ్తుంది, క్రిమి మాత్రం బయటికి రాదు. ఇల్లు మొత్తం మీ గుండుసూది తల మీద పట్టేస్తుంది. మా మేడం దీన్ని గొప్ప శాస్త్రం అంటారు. యంత్రం రోజుకొకసారి మొరాయిస్తుంది కాబట్టి నేను దీన్ని ఓర్పు అంటాను.

మీ ముక్కను పల్చటి పొరలుగా కోసి నలుపు తెలుపు ఫొటోలు తీశాను. అవి చూసి కంప్యూటర్లో నకలు గీస్తున్నాను. ఫొటోల్లో చెత్త కూడా పడింది, మా తుడుపు గుడ్డ పీచో, గాలిలో దుమ్మో. అదంతా చెరిపేసి శుభ్రంగా గీశాను. మా దగ్గర గీత చక్కగా లేకపోతే మేడం మూతి ముడుస్తారు.

కాలు మోపడం లేదన్నారు. మిషను కూడా తొక్కడం లేదనే అనుకోమంటారా?

మీ,
బామ్మర్ది


దర్జీ కొట్టు,
మిషను దగ్గర, అంటే మిషనుకు దూరంగా

మేస్త్రీ గారికి,

ఉత్తరం చదివాను. నాకు ఒక్క కూతురైనా లేదు గాని అల్లుళ్ళు ఇద్దరు దిగారన్నమాట. జిగురు కక్కేవాడు పెద్దల్లుడు, ఆ జిగురులో దూరినవాడు చిన్నల్లుడు. ఇద్దరూ నా తిండి తిని నా కాల్లో పడుకుంటున్నారు. పైగా సొంత బామ్మర్దే వాళ్ళకు ఇల్లు కొలతలు తీసి మరీ కట్టిస్తున్నాడు. నాకు ఇల్లు కట్టుకోవడానికి అప్పు పుట్టలేదు, నా పుండుకు మాత్రం పొరమీద పొరగా మేడ లేస్తోంది.

మిషను విషయం అడిగావు. ఎంత మాట. నేను కుర్చీలో కూర్చుని పని పురమాయిస్తున్నాను. గిరాకీలు వచ్చి "పాపం" అని వెళ్తున్నారు, గుడ్డ మాత్రం వదిలి వెళ్తున్నారు.

ఆ సిస్టరు మంచిదే గాని, ఆమె కట్టే కట్టు చూస్తే నా చేతులు ఊరుకోవు. ఒక పక్క ఉబ్బు, ఒక పక్క పల్లం, మధ్యలో ముడతలు. నా దగ్గర పని నేర్చుకునేవాడెవడైనా అలా చేసి ఉంటే ఆ పూటే ఇంటికి పంపేవాణ్ణి. చిన్న సవరణ చేసుకున్నానులే. చెప్పుకోదగ్గ విషయం కాదు.

మీ అక్క బాగానే ఉంది. నిన్న బళ్ళో పిల్లల్ని పరుగెత్తించి ఇంటికొచ్చి, నేను గ్లాసు కోసం లేస్తే ఈల ఊదింది. పక్కింటివాళ్ళు కూడా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

నీ మందు ఎప్పుడు పనిచేస్తుందో అల్లుళ్ళను అడిగి చెప్పు.

బావ


ప్రయోగశాల, రెండో అంతస్తు,
ఈసారి మేడంగారి గదిలో, మెత్తటి కుర్చీలో

ప్రియమైన మామగారికి (మీ అల్లుళ్ళ తరఫున),

వాళ్ళిద్దరూ ఇక లేరని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

మీ పుండును ఉన్నదున్నట్టు అచ్చు వేశాను. పెద్దల్లుణ్ణి ఎక్కడ చూశానో అక్కడ, చిన్నల్లుణ్ణి అతని ఒడిలో. రెండురోజులు వాళ్ళ మానాన వదిలి, డాక్టరుగారు మీకిస్తున్న మందే, మీకిస్తున్న మోతాదులోనే పోశాను. మర్నాటికి ఇల్లు ఖాళీ. మళ్ళీ వేశాను, మళ్ళీ ఖాళీ. మేడం వచ్చి చూసి చప్పట్లు కొట్టారు. ఆవిడ చప్పట్లు కొట్టడం ఇక్కడ ఎవరూ ఎరగరు. మా పక్క బల్లవాడు ఏదో పేలిందనుకుని బయటికి పరుగెత్తాడు.

మందు సరైనదే, ఓపికగా వాడితే చాలని డాక్టరుగారికి నివేదిక పంపాం. కాబట్టి మందు మార్చరు, అదే కొనసాగిస్తారు. మీరు చెయ్యాల్సిందల్లా ఆ కాలిని విశ్రాంతిగా ఉంచడం. అది కూడా నేనే చెయ్యలేను కదా.

పెద్ద సభలో దీని గురించి మాట్లాడమని పిలుపు వచ్చేలా ఉంది. కోటు కావాలి. దర్జీ ఎవరైనా తెలిస్తే చెప్పండి, మాట మీద నిలబడేవాడు.

గర్వంగా,
మీ బామ్మర్ది


ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు,
గోడ పక్క మంచం

మహా శాస్త్రవేత్త గారికి,

నీ దగ్గర చచ్చిన ఇద్దరూ ఇక్కడ మళ్ళీ పుట్టారు. పుట్టడమే కాదు, బంధువుల్ని కూడా పిలిపించుకున్నట్టున్నారు. కాలు ఉబ్బి నిగనిగలాడుతోంది. నీ నివేదిక ప్రకారం అవి చావాలన్న సంగతి వాటికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఒక నకలు ఇక్కడికి పంపు, చదివి వినిపిస్తాను.

వార్డు అని చూసి కంగారు పడకు. ఊరికే పరీక్షల కోసం ఉంచారు. పక్క మంచం మీద ఒక లారీ డ్రైవరున్నాడు, తుంటి విరిగింది. రోజంతా ఏ దారిలో ఎన్ని గుంతలున్నాయో చెబుతుంటాడు. నేను ఏ అధికారి నడుము ఎంత పెరిగిందో చెబుతుంటాను. ఇద్దరికీ కాలక్షేపం అవుతోంది.

మళ్ళీ ఒక ముక్క గీకారు. ఈసారి వేరే సిస్టరు, వేరే సీసా. నీ దగ్గరికే వస్తోంది. పాత అల్లుళ్ళేనో కొత్తవాళ్ళో చూడు.

ఇంకేం విశేషాలు లేవు. సభలో బాగా మాట్లాడు. వేదిక మీద గోళ్ళు కొరుక్కోకు, చిన్నప్పటి నుంచి నీకు అదొకటి ఉంది.

బావ


ప్రయోగశాల,
నా బల్ల

బావా,

విశేషాలు లేవని రాశారు. అక్క ఫోను చేసి విశేషాలన్నీ చెప్పింది. వచ్చే సోమవారం కాలు తీసేస్తారట. మోకాలి కింద డాక్టరు పెన్నుతో గీత కూడా గీశారట. మీరు సంతకం పెట్టి, ఆ చేత్తోనే నాకు గోళ్ళు కొరుక్కోవద్దని రాశారు. ఇందులో ఏ భాగానికి నేను నవ్వాలో చెప్పండి.

నాకు కోపం వచ్చింది. మీ మీద కొంత, నా మీద ఎక్కువ. ఎందుకో రాస్తాను.

రెండో ముక్క వచ్చింది. పొరలు కోశాను, ఫొటోలు తీశాను. మొదటిసారి నేను చెత్త అని చెరిపేసిన సన్నటి పోగులు ఇందులోనూ ఉన్నాయి. వేరే సిస్టరు, వేరే సీసా, నా బల్ల కూడా మార్చాను, గుడ్డ తగలనివ్వలేదు. మా చెత్త అయితే రెండుసార్లూ పుండు లోపలి పొరల్లోనే ఎందుకుంటుంది? పాత ఫొటోలు తీసి చూశాను. పెద్దల్లుడు ఎక్కడున్నా ఒక పోగును పట్టుకునే ఉన్నాడు. దాని చుట్టూ జిగురు, ఆ జిగురు లోపల చిన్నల్లుడు. నేను చక్కగా గీయాలన్న తాపత్రయంలో ఇంటి దూలాన్నే చెరిపేసి, గోడలు మాత్రం అచ్చు వేసి, కూలిపోయిందని చప్పట్లు కొట్టించుకున్నాను.

అది నూలు. పరీక్ష చేయించాను, మామూలు నూలు పోగు.

ఈసారి పక్కపక్కన రెండు అచ్చులు వేశాను. ఒకటి పాతదే, శుభ్రమైనది. రెండోదాంట్లో పోగుముక్కలు పెట్టి, వాటి చుట్టూ ఇద్దర్నీ కూర్చోబెట్టాను. ఒకే మందు పోశాను. మొదటి ఇల్లు ఖాళీ అయింది. రెండో ఇంట్లో ఎవరూ కదల్లేదు. మందు జిగురు దాకా వెళ్ళి ఆగిపోతోంది. పోగు ఉన్నంతకాలం వాళ్ళకు పట్టు ఉంది. పోగు లాగేస్తే వాళ్ళు నిలవలేరు.

మందు పనిచేస్తుందని నేను రాయబట్టే డాక్టరుగారు ఇన్నాళ్ళు అదే వాడి చూశారు. ఆ రోజులు మీ కాల్లోంచి పోయాయి.

ఇప్పుడు మీరు చెప్పండి. ఆసుపత్రి కట్టులో పీచు రాలని గుడ్డ వాడతారు, నేను కనుక్కున్నాను. మరి ఇంత నూలు మీ అరికాల్లోకి ఎలా వెళ్ళింది? వెటకారం లేకుండా, వెంటనే రాయండి. అక్కకు తెలియనివ్వను.

మీ బామ్మర్ది


ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు,
గోడ పక్క మంచం

తమ్ముడూ,

వెటకారం లేకుండా రాయమన్నావు. కాలు లేకుండా ఉండమన్నా అంత కష్టంగా ఉండదు.

మిషను తొక్కాను. రోజూ తొక్కాను. బళ్ళు తెరుస్తున్నారు, పిల్లలు చొక్కాల్లేకుండా వెళ్తారా? మీ అక్క బడికి వెళ్ళగానే కొట్టు తలుపు సగం వేసుకుని కూర్చునేవాణ్ణి. నొప్పి తెలియదు కాబట్టి తప్పు చేస్తున్నట్టే అనిపించలేదు.

తొక్కుతుంటే కట్టు జారిపోయేది. సిస్టరు కట్టు నాకు మొదటి నుంచీ నచ్చలేదని చెప్పాను కదా. అందుకని దాన్ని విప్పి, పుండుకు ఆనేలా మెత్తటి గుడ్డతో ఒక దిండు కుట్టుకున్నాను. అరచేతిలో ఇమిడేంత. నాలుగు మడతలు, మధ్యలో దూది. రోజూ సాయంత్రం మీ అక్క వచ్చేలోగా తీసి దాచేసి, సిస్టరు కట్టు మళ్ళీ అలాగే, ఆ ముడతలతో సహా, కట్టుకునేవాణ్ణి. ముడతలు అచ్చంగా అలాగే రావడానికే ఎక్కువసేపు పట్టేది.

ఇక్కడే ఉంది అసలు సంగతి. దిండుకు అంచు కుట్టలేదు. అంచు మడిచి కుడితే గట్టి గీతలాగా వచ్చి పుండు మీద ఒత్తుకుంటుందని, తెలివిగా ఆలోచించి, పచ్చి అంచు లోపలివైపు వదిలేశాను. గిరాకీకి ఎవరికైనా అంచు కుట్టకుండా ఇచ్చి ఉంటే నా కొట్టు ఎప్పుడో మూతపడేది. నా కాలికి మాత్రం ఇచ్చాను. తొక్కిన ప్రతిసారీ పోగులు ఊడి లోపలికి వెళ్ళి ఉంటాయి. పెద్దల్లుడికి దూలాలు మోసినవాణ్ణి నేనే.

సంతకం సంగతి నీకు రాయకపోవడానికి కారణం ఉంది. రాస్తే నువ్వు సభ మానేసి వచ్చి ఈ మంచం పక్కన మొహం వేలాడేసుకుని కూర్చుంటావు. ఆ మొహం చూడ్డం కంటే కాలు తీయించుకోవడం తేలిక.

మోకాలి కింద గీత చూసుకున్నాను. బతుకంతా సుద్దతో గీతలు గీసినవాణ్ణి. గీత గీశాక కత్తెర ఆగిపోవడం నేను ఎన్నడూ చూడలేదు. అందరితోనూ చేతి మిషను కొనుక్కుంటాను, ఒంటి కాలితో దర్జాగా కుడతాను అని చెప్పాను. లారీ డ్రైవరు నమ్మాడు కూడా. అబద్ధం. నాకు చాలా భయంగా ఉంది. పొద్దున్నే దుప్పటి తీసి రెండు పాదాలూ ఉన్నాయా అని చూసుకుంటున్నాను. నొప్పి తెలియని కాలైనా సరే, ఉండాలనిపిస్తోంది.

డాక్టరుగారికి దిండు సంగతి ఇవాళే చెప్పేస్తాను. నువ్వు చెయ్యగలిగింది ఏమన్నా ఉంటే చెయ్యి.

బావ


ఆసుపత్రి మెట్ల మీద,
మీ వార్డుకు కింది అంతస్తు

బావగారికి,

పైకి రాకుండా కింద కూర్చుని రాస్తున్నాను, నా మొహం ఎలా ఉందో నాకు తెలుసు కాబట్టి. ఈ కాగితం సిస్టరు చేత పంపుతున్నాను.

రెండు అచ్చుల ఫొటోలూ డాక్టరుగారికి పంపాను. ఆయనకు నలుపు తెలుపు బొమ్మలు అర్థం కావని మేడం అంటే, పోగుల్ని రంగుల్లో కూడా ఫొటో తీశాను. నిన్న సాయంత్రం అక్క ల్యాబుకు వచ్చి, డాక్టరుగారికి ఇవ్వాల్సిన ఆ ఫొటోల కవరు తీసుకెళ్ళింది. రంగుల ఫొటో బయటికి తీసి చాలాసేపు చూసింది. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అక్క ప్రశ్న వెయ్యకపోవడం నా జీవితంలో ఇదే మొదలు.

ఇప్పుడే డాక్టరుగారిని కలిసి వస్తున్నాను. ఆయన ఫొటోల కంటే నా చొక్కా ముడతల్ని ఎక్కువ శ్రద్ధగా చూశారు.

"పోయినసారి మందు బ్రహ్మాండంగా పనిచేస్తుందని రాసింది మీరేనా?" అన్నారు.

"నేనేనండి" అన్నాను.

"ఇప్పుడు మీ జెల్లీ బొమ్మ చూసి నేను ఆపరేషన్ ఆపెయ్యాలా?"

"ఆపొద్దండి. కొయ్యడానికి ముందు పుండు లోతుగా తెరిచి వెతకండి. పోగులు లేకపోతే మీ గీత మీదే కానివ్వండి."

ఆయన కాసేపు పెన్ను తిప్పుకున్నారు. పేషెంటు కూడా దిండు గురించి ఏదో చెప్పాడని, నవ్వాలో తిట్టాలో తెలియలేదని అన్నారు. చివరికి సరేనన్నారు. సోమవారం ముందు వెతుకుతారు. దొరికితే శుభ్రం చేసి కట్టేసి మందు మళ్ళీ మొదలుపెడతారు. దొరక్కపోతే, లేదా ఎముక చెడి ఉంటే, అదే బల్ల మీద తీసేస్తారు. మీరు మత్తులో ఉంటారు, మేలుకున్నాకే తెలుస్తుంది.

గీత మీదే కానివ్వండి అని ధైర్యంగా అనేశాను గాని, బయటికి వచ్చి ఇక్కడే కూర్చుని ఈ కాగితం తీశాను. మీ కాలి మీద అంత మాట అనే హక్కు నాకెవరిచ్చారో తెలియదు. నా అచ్చు రెండోసారి కూడా తప్పయితే, ఇకమీదట మీరు నాకు ఉత్తరం రాయకపోయినా అడగను.

మీ బామ్మర్ది


ఇల్లు, వరండా,
కాలు ఎత్తి పెట్టిన బల్ల ముందు

బామ్మర్దీ,

కాలు ఎత్తి పెట్టానని రాశాను, గమనించు. ఎత్తి పెట్టడానికి ఒక కాలు ఉందన్నమాట.

మత్తు దిగీదిగకముందే చెయ్యి కిందికి పోనిచ్చి తడిమాను. పాదం తగిలింది. నాదేనా అని మడమ దాకా పట్టి చూశాను. చిటికెనవేలు మాత్రం లేదు, అది చెడిపోయిందట. ఎన్నడూ ఒక పనికి వచ్చిన వేలు కాదు, పోతే పోయింది. డాక్టరుగారు ముద్ద ముద్దగా పోగులు బయటికి లాగారట. "మీరు దర్జీనా, దూదేకులవాడా?" అని అడిగారు. ఇంత మంచి డాక్టరుకు ఇంత చచ్చు హాస్యమేమిటని బాధపడ్డాను. అయినా నవ్వాను, కాలు ఆయన చేతిలో ఉంది కదా.

అదే మందు. ఇప్పుడు పనిచేస్తోంది. పుండు అంచులు ఎర్రగా, ఆరోగ్యంగా దగ్గరికి వస్తున్నాయి. అల్లుళ్ళిద్దరూ గుట్టుచప్పుడు కాకుండా వెళ్ళిపోయారు. మిషనుకు మోటారు పెట్టించాను. ఇక తొక్కేది లేదు. ఈ మాట నిజం, మీ అక్కను అడుగు.

నిన్ను పొగడాలని కూర్చుని ఈ కాగితం మొదలుపెట్టాను. రెండుసార్లు చించేశాను. నువ్వు లేకపోతే నాకు కాలు లేదు. అంతే, ఇంతకంటే నాకు చేతకాదు.

ఒక్క పని చేసిపెట్టాలి. నువ్వు దీని మీద వ్యాసం రాస్తున్నావని, ఫొటోలు కూడా వేస్తారని మీ అక్క చెప్పింది. ఆ దిండు ఏ గుడ్డతో కుట్టానో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. మీ అక్కకు ఉద్యోగం వచ్చినప్పుడు నేను కుట్టిన నారింజరంగు చొక్కా ఒకటుంది. మైదానంలో ఎంత దూరానున్నా కనపడాలని ఆ రంగు ఎంచాను. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడింది. పుండు పడ్డ కొత్తలో, "కాలి కింద వేసుకో, గట్టి బల్ల మీద పెడితే ఒరుసుకుంటుంది" అని తనే తెచ్చి మడిచి పెట్టింది. దాంట్లోంచే ముక్క కత్తిరించాను. నా కొట్టులో అంతకంటే మెత్తటిది లేదు.

దిండు సంగతి తెలిసి నన్ను దులిపేసింది. ఏ గుడ్డ అంటే గిరాకీ ముక్క అని చెప్పాను. చొక్కా ఏదంటే మిషను తుడిచి పారేశానన్నాను, దానికీ తిట్టింది. ఆ తిట్లు నాకు హాయిగానే ఉన్నాయి. కాని కాలిని అంతదాకా తెచ్చింది తను తెచ్చిపెట్టిన గుడ్డే అని తెలిస్తే తిట్టదు. మౌనంగా ఉండిపోతుంది. తను అలా ఉండడం నేను చూడలేను. నీ దగ్గర రంగుల ఫొటో ఉంది. అది వెయ్యకు. పోగు అని రాయి చాలు, ఏ రంగో రాయకు. ఆరోజు కవరులో చూసినా, ఆ కంగారులో తను గుర్తుపట్టి ఉండదులే.

బావ


ప్రయోగశాల, రెండో అంతస్తు,
అచ్చు యంత్రం పక్క బల్ల

బావగారికి,

చిటికెనవేలికి నా సానుభూతి.

వ్యాసం నిన్ననే పంపించేశాం. "నూలు పోగు" అని మాత్రమే ఉంది. ఫొటోలన్నీ నలుపు తెలుపే. రంగుల ఫొటో వేస్తే అందంగా ఉంటుందని మేడం పట్టుబట్టారు. రంగు శాస్త్రానికి సంబంధించింది కాదని ఆవిడతో వాదించి, ఉద్యోగంలో చేరాక మొదటిసారి గెలిచాను.

అయితే మీ ఉత్తరం అందేసరికే ఆ పని అయిపోయింది. ఆ రంగు రాయొద్దని నన్ను అడిగినవాళ్ళలో మీరు రెండోవారు. మొదటివారు ఆరోజు కవరు తీసుకుని గేటు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, "మీ బావ దగ్గర ఈ రంగు ఊసెత్తకురా. నేను గుర్తుపట్టానని తెలిస్తే ఆయన తట్టుకోలేరు" అన్నారు.

బామ్మర్ది